మొదటి వాక్యంలో కుళాయి

కిటికీ అద్దం పగిలిన చప్పుడు బాబాయ్‌కి వినపడలేదు. తూటా అంతకంటే ముందే వచ్చింది. చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకునే, కీబోర్డు మీద తల వాల్చి ఆ పెద్దమనిషి పోయాడు. స్క్రీన్ మీద ఆయన బ్లాగు ఇంకా తెరిచే ఉంది. ఫ్యాను కీచుమంటే ఎక్కడ నూనె వేయాలి, తలుపు బిగుసుకుంటే ఎక్కడ చెక్కాలి, అన్నీ ఇంటి రిపేర్ల కబుర్లే.

అందరూ బాబాయ్ అని పిలిచే ఆయన వీధిలో వాళ్లకి రిటైరైన మెకానిక్. డిపార్ట్‌మెంట్‌కి మాత్రం, సరిహద్దు అవతల పనిచేసే ఏజెంట్లకు మాట చేరవేసే ఏకైక గొంతు. కోడ్ చాలా చిన్నది. పోస్టు మొదటి వాక్యంలో కుళాయి కనపడితే, కలుసుకోవాల్సిన చోట ప్రమాదం ఉందని, వెనక్కి తిరగమని అర్థం. కనపడకపోతే వెళ్లొచ్చు. శత్రువుల వీధిలో నిలబడి ఫోన్ తెరిచే మనిషికి ఒక్క వాక్యం చదివే తీరికే ఉంటుంది. అందుకే బాబాయ్ డొంకతిరుగుడు లేకుండా అసలు సంగతి ముందే చెప్పేసేవాడు.

"ఎవరు చంపారో నీకు చెప్పక్కర్లేదు," అన్నాడు చీఫ్. ఎదురుగా ఏజెంట్ డేగ నిలబడి ఉన్నాడు. "ఎలా మోసపోయామో విను."

డేగకి సగం తెలుసు. బ్లాగుకి జనం పెరిగితే అనుమానం తగ్గుతుందని డిపార్ట్‌మెంట్ ఒక కంటెంట్ కన్సల్టెంట్‌ని పెట్టుకుంది. నల్లకళ్లద్దాలు, హై హీల్స్, చేతిలో బ్లాగు ట్రాఫిక్ గ్రాఫులు. అందరూ మేడమ్ అనేవారు, ఆఫీసంతా ఆమెని నెత్తిన పెట్టుకుంది. డేగ కూడా ఆమెతో కాఫీకి వెళ్లాడు, అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది. ఆమె ప్రతి పోస్టు నెత్తినా ఒక ఉపోద్ఘాతం అతికించింది. 'మిత్రులారా, మీరెప్పుడైనా ఆలోచించారా' అని మొదలై ఎక్కడికీ చేరని సోది. దానికి తోడు కీవర్డులు, పాప్-అప్‌లు. వ్యూలు లక్షలు దాటాయి, కుళాయి అడుక్కి పోయింది. ఇద్దరు ఏజెంట్లు మొదటి వాక్యం చూసి, కుళాయి లేదు కదా అని ధైర్యంగా వెళ్లారు. వాళ్ల శవాలు కాలువలో తేలాయి.

బాబాయ్ విషయం పసిగట్టి ఉపోద్ఘాతాలన్నీ పీకేశాడు. అదే రోజు తూటా దిగింది, పాస్‌వర్డ్ మారిపోయింది. ఇప్పుడు బ్లాగు మేడమ్ ముఠా చేతిలో ఉంది.

"మధ్యాహ్నం పన్నెండింటికి మీ చెల్లెలు మన ఏజెంటుని కలవడానికి సరిహద్దు అవతల రైల్వే స్టేషన్‌లో అడుగుపెడుతుంది," అన్నాడు చీఫ్. "అక్కడ ఉన్నది మన మనిషి కాదు, తుపాకులు. లోపలికి వెళ్లేముందు బ్లాగు చూస్తుంది. కానీ ఈ మధ్య ఆ చెత్త చదవలేకపోతున్నానని కబురు పంపింది. మేడమ్ వాసన తగిలితే మూసేస్తుంది."

డేగ బాబాయ్ టూల్‌బాక్స్ అందుకుని, ఏసీ మెకానిక్ యూనిఫాం వేసుకుని బయల్దేరాడు. టెక్నికల్ వింగ్ వాళ్లు మత్తు గ్యాసు చిమ్మే పెన్ను కూడా ఇచ్చారు.

మేడమ్ ఆఫీసు ఒక అద్దాల భవనం పై అంతస్తులో ఉంది. లిఫ్ట్ దగ్గర కాపలావాడు ఏసీ రిపేరు ఎవరు చెప్పారని అడిగాడు. డేగ పెన్ను నొక్కాడు. సిరా వచ్చింది. ఇక లాభం లేదని పైపు రెంచి తీసి మోకాలి మీద ఒకటి, దవడ మీద ఒకటి ఇచ్చాడు. ఎముక విరిగిన చప్పుడుకి రెండోవాడు కత్తితో వచ్చాడు. డేగ అరచేయి నిలువునా చీలింది. ఆ చేత్తోనే వాడి జుట్టు పట్టి, గోడకున్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌కి మోదాడు. వాడు కదలడం మానేసేదాకా మోదాడు. కాలువలో తేలిన ఇద్దరినీ తలుచుకుంటే చేయి ఆగలేదు.

గదిలోకి అడుగుపెట్టగానే మేడమ్ సైలెన్సర్ పిస్టల్ పేల్చింది. తూటా భుజంలో దిగింది. డేగ టూల్‌బాక్స్ విసిరాడు. ఇనుప పెట్టె ఆమె నుదుటికి తగిలింది, పిస్టల్ బల్ల కిందికి జారిపోయింది. ఏసీ వైరుతో ఆమెని కుర్చీకి కట్టేసి, లాగిన్ అయి ఉన్న సిస్టమ్ ముందు కూలబడ్డాడు. మధ్యాహ్నం కావస్తోంది.

వేళ్లు వాటంతటవే 'మిత్రులారా' అని కొట్టాయి. ఛీ అనుకుని చెరిపేశాడు. ఒకప్పుడు తనకి రాయడం నేర్పుతూ బాబాయ్ చెప్పింది గుర్తొచ్చింది. ఊరందరికీ రాస్తే ఎవరికీ రాయనట్టేరా, ఒక్కరిని ఎదురుగా కూర్చోబెట్టుకో. నీ చేత్తో చేసిందే రాయి. అసలు సంగతి ముందు చెప్పు. ఆ తర్వాత నోరు మూసుకో.

డేగ చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

'మన పాత ఇంట్లో కుళాయి ఇంకా కారుతూనే ఉంది. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు దాని వాషర్ నేనే మార్చాను, నువ్వు టార్చి పట్టుకున్నావు. నీళ్లు మొహాన కొడితే నవ్వావు, నవ్వుతూనే ఏడ్చావు. బాగైపోయిందని చెప్పాను. బాగవలేదు.'

నుదుటి నెత్తురు కళ్లలోకి కారుతున్నా మేడమ్ నవ్వింది. "హెడ్డింగ్‌లో నంబర్ లేదు, ఫోటో లేదు. ఎవరు చదువుతారండీ దీన్ని?"

"ఒక్కరు," అన్నాడు డేగ.

అంతలో వెనకనుంచి మెడకి తీగ బిగుసుకుంది. మూడోవాడు బాత్‌రూమ్‌లో నక్కి ఉన్నాడు. కళ్లు బైర్లు కమ్ముతుండగా డేగ పబ్లిష్ నొక్కాడు. స్క్రీన్ మీద మేడమ్ పెట్టిన పాప్-అప్ లేచింది: 'మీ పోస్టు స్కోరు చాలా తక్కువ. అయినా పబ్లిష్ చేయాలా?' ఊపిరి ఆడక చస్తున్నవాడికి ఇదొక ప్రశ్న. నెత్తుటి బొటనవేలితో అవునని గుద్ది, రెండో చేత్తో టూల్‌బాక్స్‌లోంచి బల్లమీదికి ఎగిరిపడ్డ బాబాయ్ స్క్రూడ్రైవర్ అందుకుని వెనక్కి పొడిచాడు. వేడిగా నెత్తురు మెడ మీద చిమ్మింది. తీగ వదులైంది.

పోస్టు పడింది. వ్యూల దగ్గర సున్నా. ఎక్కడో గడియారం పన్నెండు కొట్టింది. ఇంకా సున్నాయే. డేగ పేజీని మళ్లీ మళ్లీ రిఫ్రెష్ చేశాడు. ఒకవేళ తెరవకుండానే లోపలికి వెళ్లిపోయిందేమో, బాబాయ్ లేని లోకంలో తనకి ఇక చెల్లెలు కూడా లేదేమో.

సున్నా ఒకటైంది.

కాసేపటికి కింద ఒక కామెంటు వచ్చింది. డేగ నెత్తుటి చేత్తో స్క్రీన్ తుడిచి చదివాడు.

'వాషర్ తిరగేసి బిగించావన్నయ్యా. టార్చి పట్టుకున్నప్పుడే చూశాను. కష్టపడ్డావు కదా, పాపం అని ఊరుకున్నాను.'