కూతబండ దగ్గర రెండు పిలుపులు

మాచర్ల దాటి నల్లమలలోకి వెళ్తే, కృష్ణ లోయ అంచున కూతబండ అని ఒక చోటుంది. పొద్దు వాలాక అక్కడ మనవాళ్ళ గొంతే మనల్ని పిలుస్తుందట. పలికి అటు నడిస్తే — లోయే. అందుకే చీకటి పడితే అక్కడ ఎవరూ ఎవర్నీ పిలవరు.

మా కామేశ్వరి పిన్నికీ బాబాయికీ అక్కడ జరిగింది, విన్నది విన్నట్టు రాస్తున్నాను.

బాబాయి రామచంద్రమూర్తి గారు చిలకలూరిపేటలో సైన్సు మాస్టారు. రెండువేల మూడులో, చేలల్లో పత్తి తీతలు సాగుతుండగా, అడవి చూద్దామని పిన్నిని బయలుదేరదీశారు. పిన్నికి శివయ్య దర్శనమైతే చాలు. బాబాయికి పక్షులూ, లోయా, జీపు ప్రయాణమూ కావాలి.

ఆయనకి రేచీకటి. సందె పడితే పెరట్లోకైనా సరే, పిన్ని ముందు నడుస్తూ "ఏవండీ, ఇటు… ఇటు" అంటుంటే ఆ గొంతు వెంట అడుగేసేవారు. భర్త పేరు మాత్రం ఆవిడ నోట ఎన్నడూ రాలేదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. రేషన్ షాపులో పేరడిగినా పక్కావిడ చేత చెప్పించేది.

కూతబండ సంగతి జీపు డ్రైవరు సిలార్ ముందే చెప్పాడు. బాబాయి నవ్వేశారు.

"మా ఆవిడ గొంతుతోనా? అయితే కూరల సంచీ కూడా చేతికిస్తుందిలే సిలారూ."

తీరా బండ మీంచి లోయ చూసొచ్చి, జీపు కదలబోతుంటే, బైనాక్యులర్ బండ మీదే మరిచిపోయానంటూ దిగారు. ఇంకా వెలుతురుంది కదా, ఇట్టే వస్తానన్నారు. కొండల మధ్య వెలుతురు మన పొలాల్లో లాగా ఆగదు… దీపం కొండెక్కినట్టు పోయింది.

సిలార్ టార్చి కోసం సీటు కింద తడుముతున్నాడు. పిన్ని ఆగలేదు. ఆయన వెళ్ళిన వైపు పరుగెత్తింది.

ఇక్కణ్ణించి బాబాయి చెప్పిన మాట.

కళ్ళ ముందు అంతా నలుపు. ఎటూ కదల్లేక నిలబడిపోయారు. అంతలో — "ఏవండీ… ఇటు… ఇటు…"

మెత్తగా, రోజూ పెరట్లో వినే గొంతే. ప్రాణం లేచొచ్చింది. అటు ఒక అడుగేశారు. ఇంకొకటి… కింది నుంచి చల్లగాలి మొహానికి తగిలింది. అయినా గొంతు పిలుస్తూనే ఉంది… మరో అడుగు ఎత్తబోయారు.

వెనక నుంచి కేక.

"రామచంద్రమూర్తీ!"

అదీ పిన్ని గొంతే. కానీ పిన్ని పేరు పెట్టి పిలవడమేమిటి? దెయ్యమంటే ఇదే అనుకున్నారు. ఉన్నచోటే కూలబడ్డారు. టార్చి వెలుగు పడేసరికి — కాళ్ళ ముందు బండ లేదు. ఎక్కడో అడుగున నీళ్ళు.

"పాపం, ఆ దెయ్యం చేతకానితనమే నన్ను బతికించింది" అని ఆయన చుట్టాలందరికీ చెప్పుకునేవారు. పిన్ని ఒత్తులు చేసుకుంటూ వినేది. అప్పట్నుంచీ సందె పడితే ఆయన్ని పిలవడమూ మానేసింది. చెయ్యి పట్టుకునే నడిపించేది. ఈ వయసులో సరసాలేమిటని తోడికోడళ్ళు ఆటపట్టించినా వదిలేది కాదు.

ఓ కార్తీక సోమవారం ఇద్దరమే ఉన్నప్పుడు ఆ కేక సంగతి అడిగాను. పిన్ని, బాబాయి పడుకున్న పక్కగదిలోకి ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"వెనక నుంచి పేరు పెట్టి పిలిచింది నేనేనే. ఆ పాపం పోవాలనే ఈ ఉపవాసాలు."

నాకు మనసు తేలికపడింది. అయితే మొదట నువ్వు ఏవండీ అన్నదే ఎదుటి కొండకి తగిలి లోయలోంచి వినపడి ఉంటుంది పిన్నీ, అన్నాను.

పిన్ని తల అడ్డంగా ఊపింది.

"చీకట్లో అక్కడ ఎవర్నీ పిలవకూడదని సిలార్ చెప్పాడుగా… పిలవకుండానే పరుగెత్తానమ్మా. ఆ ఏవండీ నాకూ వినపడింది… అచ్చం నా గొంతే. నేనూ అలాగే పిలిస్తే, మీ బాబాయికి ఏది నేనో ఎలా తెలుస్తుంది?"