ఇంటర్వెల్ తర్వాతి డబ్బా

మా ధరూర్ టాకీసులో ఆడవాళ్ల గేటు దగ్గర టికెట్లు చింపేదాన్ని నేను. ఆ ఏడు పల్లీలు పీకే రోజుల్లో ఒక దెయ్యం సినిమా వచ్చింది. మాకూ గద్వాలకూ కలిపి ఒకటే ప్రింటు. అక్కడ ఆడిన రీళ్లను డబ్బాలో పెడితే, బాలన్న మోటార్‌సైకిల్ మీద తెచ్చి ఇచ్చేవాడు. రెండో డబ్బా వచ్చేదాకా మా ఇంటర్వెల్ అయ్యేది కాదు. జనం మిర్చి బజ్జీలు తింటూ బాలన్నను తిట్టుకునేవాళ్లు.

ఆ సినిమా వారం ఆడేసరికి ఊరికి పిచ్చి పట్టింది. తెల్లచీర, విరబోసిన జుట్టు, గజ్జెల చప్పుడు... దెయ్యమంటే అదేనని అందరికీ ఖాయమైపోయింది. అంతకుముందు మా ఊరి దెయ్యాలకు ఇన్ని షరతులు లేవు. నాకైతే నవ్వొచ్చేది. సాయమ్మకు మాత్రం ప్రాణం మీదికొచ్చింది.

సాయమ్మది నల్లమల. లింగాల దిక్కు నుంచి కూలికి వచ్చి, కాలువ గట్టున గుడిసె వేసుకుని ఒక్కతే ఉండేది. ఉతికి ఉతికి ఆమె చీర రంగు వెలిసి తెల్లబడింది. తలకు పోసుకుని జుట్టు ఆరబెట్టుకుంటుంటే ఎవడో చూశాడు. ఇక అంతే.

ఆ సాయంత్రం ఇంటర్వెల్‌లో బయట గోల వినిపించి పరుగెత్తాను. మా ఊరి శంకర్ సాయమ్మ జుట్టు పట్టి ఈడ్చుకొస్తున్నాడు. వెనక వేపమండలతో మరికొందరు. సినిమాలో మంత్రగాడు దెయ్యాన్ని కొట్టేది అట్లాగే.

"ఇడువురా ఆమెను!"

"జరుగు సమీనక్కా. ఇయ్యాల దీన్ని ఊరు దాటిస్తం."

"సినిమా చూసి మనుషులను కొడతర్రా? దమ్ముంటే ముందు నన్ను కొట్టు."

సాయమ్మను నా వెనక్కి లాక్కున్నాను.

అప్పుడే బాలన్న వచ్చాడు. బండి చప్పుడు వినిపించలేదు. ఒళ్లంతా దుమ్ము... పచ్చి మట్టి వాసన. డబ్బాను ఆపరేటర్ పెద్దన్న చేతికిచ్చి, శంకర్ వైపు తిరిగాడు.

"ఆమె మనిషే. ఇడిసిపెట్టు. దెయ్యం గట్లుండదు."

"నీకెట్ల తెల్సు?"

బాలన్న వెనక్కి తిరిగి చీకట్లోకి నడిచిపోయాడు.

గంట మోగింది. బొమ్మ పడుతుందంటే కొట్లాట కూడా ఆపుకునే జనం మాది. "ఆట అయినంక దీని సంగతి చూస్త," అని శంకర్ లోపలికి పోయాడు. సాయమ్మను ఆడవాళ్ల గేటు లోపలికి తెచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చోబెట్టుకున్నాను.

"నేనేం జేసిన అక్కా?" అని ఏడ్చింది.

"ఏం జెయ్యలే. నేనున్న. ఎవడొస్తడో రానీ."

టికెట్ల గదిలో ఫోన్ మోగింది. పోయి ఎత్తాను. గద్వాల టాకీసు మేనేజర్.

"సమీనా, మీ రెండో డబ్బా మా దగ్గర్నే ఉంది. మొదటిది మీకిచ్చి వాపసొస్తుంటే బాలన్నను లారీ గుద్దింది. పాణం పోయింది."

హాల్లో మాత్రం బొమ్మ నడుస్తూనే ఉంది. నేను తిరిగొచ్చి సాయమ్మ చేయి పట్టుకున్నాను. పెద్దన్న మెట్లు దిగి పరుగున వచ్చాడు.

"మిషన్ బంద్ చేసిన సమీనా..."

"మరి?"

"ఆగుత లేదు."

తెర మీద తెల్లచీర ఆమె. ఈ చోట వేపమండల దెబ్బలకు అరవాలి. అరవలేదు. నిలబడి మమ్మల్నే చూస్తోంది. గజ్జెలు లేవు. సంగీతం లేదు. నోరు తెరిచింది... గొంతు బాలన్నది.

"శంకర్..."

చీకట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే, మూడోసారి దాకా పలకొద్దని మా దిక్కు ముసలోళ్లు చెప్పేవాళ్లు. ఏ సినిమాలోనూ అది చూపించలేదు. శంకర్ మొదటి పిలుపుకే పలికాడు.

"ఆఁ, అన్నా."

లేచాడు. తెర వైపు నడిచాడు. దగ్గరికి... ఇంకా దగ్గరికి. ఎవరూ ఆపలేదు. నేనూ ఆపలేదు. ఎందుకు ఆపలేదని ఎవరడిగినా, ఆపాలనిపించలేదనే చెప్తాను.

తెరలో అతని వీపు కనిపించింది. హాల్లో అతను లేడు.

ఆమె మళ్లీ నోరు తెరిచింది.

"సమీనక్కా..."

ఈసారి గొంతు సాయమ్మది.

సాయమ్మ నా పక్కనే ఉంది. ఆమె పెదవులు కదలలేదు.

నేను పలకలేదు. పట్టుకున్న చేయి కూడా వదల్లేదు.