నూకరత్నం తెంపిన గట్టు

పిల్లలూ, ఒకానొకప్పుడు సముద్రం అలిగి వెనక్కి నడిచి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిందో, ఎవరు రప్పించారో చెబుతాను, వినండి.

మకరపురి రాజు శంఖపాలుడికి తన రాజ్యపు ఒడ్డునున్న మడ అడవంటే ప్రాణం. పొద్దున్నే ఇసుకలో నడిచేవాడు, కొంగల్ని చూసి మురిసిపోయేవాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ అందమంతా తనొక్కడికే కావాలనుకున్నాడు, అక్కడొచ్చింది తంటా. అడవి చుట్టూ ముళ్ళకంచె వేయించాడు. చుట్టాలకు చూపించుకోవడానికి ఒడ్డున చెరువు తవ్వించి, సముద్రపు తాబేళ్ళను తెచ్చి అందులో వేయమని జాలర్లను ఆజ్ఞాపించాడు. కాపలాకి ఒక ఉప్పుభూతాన్ని పెట్టాడు.

మిగతా ఊళ్ళవాళ్ళు తెచ్చి చెరువు నింపారు. ఆఖరికి దానయ్య అనే జాలరి కూడా భయపడి, తన వలలో పడ్డ తాబేలును తీసుకెళ్ళి చెరువులో వేశాడు. వేసిన చేతులే ఈతరెక్కలయ్యాయి, వీపు చిప్పయింది. తనూ తాబేలై నీళ్ళలోకి జారిపోయాడు. ఆ క్షణమే సముద్రం కనుచూపు దాటి వెనక్కి పోయింది. పడవలు బురదలో కూలబడ్డాయి, పల్లెల్లో పొయ్యిలు ఆరిపోయాయి. సముద్రాన్ని రప్పిస్తే సగం రాజ్యమిస్తానని రాజు చాటింపు వేయించాడు. చేసింది తను, తిరగాల్సింది జనం!

దానయ్య చెల్లెలు నూకరత్నం బయలుదేరింది. సగం రాజ్యం కోసం కాదు, తాబేలైపోయిన అన్న కోసం. అమ్మానాన్నా పోయాక తనకు జడలు వేసిందీ, ముళ్ళు తీసి చేపముక్క నోట్లో పెట్టిందీ ఆ అన్నే.

కంచె కింద దూరి అడవిలో అడుగుపెట్టగానే బావురుపిల్లి ఎదురొచ్చింది. మడచెట్ల ఊపిరివేళ్ళు బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి.

"ఈ చెట్లు వాటితోనే ఊపిరి పీలుస్తాయి. ఒక్కటి విరిచావో, నీ కాలు విరుస్తా" అంది పిల్లి.

నూకరత్నం బురదలో బోర్లా పడుకుంది. పీతలు పట్టేటప్పుడు పాకినట్టే, వేళ్ళ సందుల్లోంచి మెల్లగా పాక్కుంటూ పోయింది.

పిల్లి కిసుక్కున నవ్వింది. "మనిషివా, బురదచేపవా?"

"ఆకలేస్తే రెండూ అవుతాం. నువ్వు తప్పుకో ముందు!"

అడవి దాటితే ఎండిన కాలువ. అందులో ఒక ముసలి నీటికుక్క రొప్పుతూ పడి ఉంది.

"నన్ను కాస్త నీళ్ళున్న చోటికి చేర్చవే, తల్లీ."

"రాయే మామ్మా. కొరికేవు గానీ" అంటూ నూకరత్నం దాన్ని చంకనెత్తుకుని మడుగులో దించింది. అది ఆమె చేతిని నాకి, ఇసుకదిబ్బ అవతలే చెరువుందని చూపించింది.

చెరువు గట్టు మీద ఉప్పుభూతం కూర్చుంది. లోపల నిండా తాబేళ్ళు.

"వీటిలో మీ అన్నెవరో చెప్పు, తీసుకుపో. తప్పు చెప్పావో, నువ్వూ తాబేలువే" అంది భూతం.

"అన్నా!" అని పిలిచింది నూకరత్నం. తాబేళ్ళన్నీ తలలెత్తాయి. అన్నిటి కళ్ళలోనూ నీళ్ళే. ఒక్కటే ఏడిస్తే పోల్చుకునేది. అన్నీ ఏడుస్తుంటే ఎలా?

నూకరత్నం వాళ్ళ పల్లెలో ఒక ఆచారం ఉంది. వలలో తాబేలు పడితే వలనైనా కోస్తారు గానీ తాబేలును ఉంచుకోరు. కళ్ళకద్దుకుని నీళ్ళలోకి పంపేస్తారు. ఏ తాబేలని ఎవరూ అడగరు.

"నాను ఏరను. మావోళ్ళు తాబేళ్ళని ఏరుకోరు" అంటూ గట్టును చేతుల్తో తవ్వసాగింది.

"పిచ్చిదానా! గట్టు తెగితే మీ అన్నా పోతాడు. మళ్ళీ రాడు!"

ఆమె చేతులు ఆగాయి.

"పోనీలే. ఎక్కడో ఒకసోట ఈదుకుంటాడు" అంది. ఏడుస్తూనే తవ్వింది.

గట్టు తెగింది. తాబేళ్ళు బరబరా ఇసుక మీదుగా కదిలాయి. నూకరత్నం అందినదాన్నల్లా కళ్ళకద్దుకుని ముందుకు తోసింది. దూరంగా హోరు వినిపించింది. వాటిని ఎత్తుకోవడానికి సముద్రం తనే ఎదురు పరిగెత్తుకొచ్చింది. మొదటి అలకే భూతం కరిగి ఉప్పునీళ్ళయింది. ఆఖరి తాబేలు కూడా నురగలో కలిసిపోయింది.

నూకరత్నం తడి ఇసుకలో కూలబడి భోరుమంది.

అంతలో అలల్లోంచి ఎవరో దగ్గుకుంటూ లేచి నిలబడ్డారు. "ఓలే రత్నం! గట్టు తెంపేదానివి కూసింత ముందే తెంపలేకపోనావా? ఆ చెరువు కంపు నానెంతకని బరించను!"

ఆమె పరుగున వెళ్ళి అన్న నడుము చుట్టేసింది.

హోరు విని రాజు రొప్పుతూ వచ్చాడు. సగం రాజ్యం తీసుకోమన్నాడు.

"నాకెందుకు బాబూ, ఆ బరువు? కంచె పీకండి. మీరూ రండి, మేమూ వస్తాం, నడుద్దాం. కాళ్ళకింద మాత్రం సూసుకోండి" అంది నూకరత్నం.

రాజు తన చేతులతోనే కంచె పీకాడు. ముళ్ళు గుచ్చుకున్నాయి. గుచ్చుకోనీ!

ఆ పూట దానయ్య చేపలకూర అడిగాడు. నూకరత్నం గంజి పోసి ముందు పెట్టింది.

"ఈ రోజుకి ఇదే తాగన్నా. ఏ సేప ఏ సెల్లికి అన్నో, ఎవులికి ఎరుక?"