నూట నలభై నాలుగు రింగులు

బుధవారం మధ్యాహ్నం తార్నాకలోని పరుశురాం ఆఫీసుకు ఇద్దరమ్మాయిలు వచ్చారు. ముందు వచ్చినామె కూర్చోమన్నా కూర్చోలేదు. వెనక వచ్చినామె భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

ముప్పై ఏళ్ళు రైల్వే విజిలెన్సులో పనిచేసి, రిటైరయ్యాక ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకున్న పరుశురాం కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. రాత్రి సరిగా నిద్రపట్టలేదు. అతని అసిస్టెంటు కరుణ ఇద్దరికీ మంచినీళ్ళు అందించింది.

"నా పేరు ధరణి సార్. యూనివర్సిటీలో పీహెచ్‌డీ, ఏడో ఏడు. ఇది సుప్రియ. హాస్టల్లో ఒకే రూం. నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది ఇదే."

"ఏమైందమ్మా?"

"నేను రిజల్ట్స్ కల్పించి రాశానంటున్నారు. వచ్చే సోమవారం కమిటీ మళ్ళీ కూర్చుంటుంది. రిజిస్ట్రేషన్ క్యాన్సిల్ చేస్తారట."

ఆమె చెప్పిన సంగతి ఇది. యాంటెన్నా ముందు పెట్టే పలుచని పలక ఒకటి ఆమె తయారుచేసింది. దాని మీద నూట నలభై నాలుగు చిన్న రాగి రింగులుంటాయి. నాలుగు దిక్కులా చెదిరిపోయే తరంగాల్ని ఆ పలక ఒకే వైపుకు కూడగడుతుంది. ప్రకృతిలో ఇంత పలుచని ఏ పదార్థానికీ లేని ఈ గుణాన్ని మనిషి చేతులారా పుట్టించాలి. అందుకే దాన్ని మెటామెటీరియల్ అంటారు.

"రాగి గొప్పతనం కాదు సార్ అది. రింగుల ఆకారం, వాటి మధ్య దూరం, అంతా అందులోనే ఉంది. వినేవాళ్ళు విసుక్కున్నా నేను ఇదే చెబుతుంటాను." అంది ధరణి. "ఆరు నెలలు కొలిచాను. ప్రతిసారీ రిజల్ట్ వచ్చింది. మొన్న సోమవారం కమిటీ ముందు పెడితే రాలేదు. ఉత్త రేకుముక్క పెట్టినట్టే ఉంది."

"పలక ఎవరైనా మార్చి ఉంటారని నేనంటున్నా సార్," అంది సుప్రియ. "చూస్తే అదే పలక అని ఇదంటది. మీరొకసారి వచ్చి చూడండి."

ఖాళీ గ్లాసు తీసుకుంటుంటే సుప్రియ గోళ్ళ అంచులు పసుపుపచ్చగా కనబడ్డాయి కరుణకు. వంట చేసుకునే పిల్ల కాబోలు అనుకుంది.

మర్నాడు పొద్దున పరుశురాం ల్యాబుకు వెళ్ళాడు. రెండో అంతస్తు ఎక్కేసరికి మోకాళ్ళు పట్టేశాయి. తలుపు తీసిన ల్యాబ్ అటెండర్ భీమయ్య స్టూలు జరిపాడు.

"ఇక్కడ పలకలు తయారుచేసే మందు ఏమైనా ఉందా?" అని అడిగాడు పరుశురాం.

"ఉన్నది సార్. రాగి పూత అట్ట మీద అక్కరలేని రాగిని కరగదీసే మందు. పోయిన వారం సగం సీసా తగ్గింది. ఎవరు వాడిన్రో పుస్తకంల రాయలె." భీమయ్య తన వేళ్ళు చూపించాడు. చివర్లు పసుపుపచ్చగా ఉన్నాయి. "ఒక్కసారి అంటితే వారం దాక పోదు. పిల్లల ప్రాక్టికల్స్‌కు నేను రోజూ ముట్టుకుంటనే ఉంట."

"అట్టలు?"

"మామూలువి గాడ కట్టలున్నయ్. ధరణమ్మది వేరే అట్ట. బయటి నుంచి తెప్పిచ్చింది, రెండు నెలలు పట్టింది."

పక్క బల్ల దగ్గర యాంటెన్నాల మీదే పరిశోధన చేస్తున్న జశ్వంత్ తలెత్తాడు. పరీక్ష గది వంతుల కోసం ధరణికీ అతనికీ పెద్ద గొడవైందని అప్పటికే ముగ్గురు చెప్పారు.

"నేనే చేశాననుకుంటున్నరు కదా సార్. చెడగొట్టాలనుకుంటే స్క్రూడ్రైవర్‌తో ఒక్క గీత గీస్తే అయిపాయె. పలక మార్చే తిప్పలెందుకు?"

పరుశురాం తలూపాడు.

ధరణి గైడు ప్రొఫెసర్ శ్రీనివాసరావు గదిలో కాగితాల వెనక కూర్చుని ఉన్నాడు. "ఈ రిజల్ట్స్‌తో రాసిన పేపర్ మీద నా పేరు కూడా ఉందండీ. ఇప్పుడు నేను ఆ అమ్మాయి పక్షాన మాట్లాడితే ఇద్దరం కలిసి చేశామంటారు. నాకు ఓపిక లేదు."

"గ్రాఫు మొత్తం చూశారా?"

"కమిటీ అడిగిన చోటే చూశాం. ఐదు పాయింట్ ఎనిమిది గిగాహెర్ట్జ్ దగ్గర."

పరుశురాం ధరణిని పిలిపించి, పలకను మళ్ళీ పెట్టించి, మొదటి నుంచి చివరిదాకా కొలిపించాడు. నాలుగున్నర గిగాహెర్ట్జ్ దగ్గర చిన్న గుట్టలాగా గీత లేచింది. పరుశురాం పలకను దాని అంచులు మూసిన థర్మాకోల్ చట్రంలోంచి నెమ్మదిగా ఊడదీశాడు. తర్వాత ఆమె ఫోన్లో ఆ పలక పాత ఫోటో వెతికించాడు. ఫోటోలో అంచు పాలలా తెల్లగా ఉంది. చేతిలో ఉన్నదాని అంచు పసుపు కలిసిన ఆకుపచ్చ.

సాయంత్రం నాలుగింటికి కరుణను కూడా రమ్మని, ప్రొఫెసర్ గదిలో అందరినీ కూర్చోబెట్టాడు.

"ధరణి ఏదీ కల్పించలేదు," అన్నాడు పరుశురాం. "ఇది ఆమె పలక కాదు, దాని నకలు. రింగులు అచ్చు అవే, అట్ట మామూలుది. అట్ట మారితే పలక పనిచేసే చోటు కూడా కిందికి జారుతుందట కదండీ?"

శ్రీనివాసరావు తలూపాడు. "జారుతుంది. ఆ గుట్ట నేను చూసుండాల్సింది."

"నకలు చేసినవాళ్ళు ధరణి మీద పగబట్టినవాళ్ళు కారు. జశ్వంత్ చెప్పినట్టు పాడుచెయ్యడానికి ఒక్క గీత చాలు. వీళ్ళు నూట నలభై నాలుగు రింగులూ ఓపిగ్గా దించారు. అంటే మొన్న సోమవారం పరీక్ష నెగ్గాలనే కోరుకున్నారు. అసలు పలకకు ఏదో అయింది, అది చెప్పలేకపోయారు." అతను పలకను బల్ల మీద పెట్టాడు. "ప్రొఫెసర్‌గారికి, జశ్వంత్‌కు అట్ట సంగతి తెలుసు. ఈ తప్పు వాళ్ళు చెయ్యరు. భీమయ్యకు పని తెలుసుగానీ ధరణి కంప్యూటర్లో డిజైన్ ఆయనకు అందదు. డిజైన్ అందుబాటులో ఉండి, అంతా ఆకారంలోనే ఉందని రోజూ ధరణి నోట విని నమ్మినవాళ్ళు చేసిన పని ఇది. హాస్టల్ మెస్సులో తింటూ కూడా గోళ్ళకు పసుపుపచ్చ రంగు అంటినవాళ్ళు. నిన్న ఆఫీసులో కరుణ ఆ గోళ్ళు చూసింది."

సుప్రియ చేతులు దాచుకోలేదు.

"పోయిన గురువారం," అంది. "నాది సాఫ్ట్‌వేర్ రీసెర్చి సార్, పక్క ల్యాబుల. కుర్చీ కోసం దీని బల్ల దగ్గరికొచ్చిన. నా చెయ్యి తగిలి ఇనుప స్టాండు పలక మీద పడింది. పలక మడతపడి రింగులు లేచిపోయినయ్. అది పగిలితే ఇంకోటి కొనే ప్లేటు కాదు కదా, ఏడేండ్ల చదువు. చెప్పనీకి నోరు రాలె. రింగులు అట్లనే ఉంటే చాలనుకున్న."

"మరి నా దగ్గరికి ఎందుకు తీసుకొచ్చావమ్మా?"

"రోజూ రాత్రి పక్క మంచం మీద ఏడుస్తున్నది సార్. ఎవరన్నా కనిపెట్టి చెప్తే బాగుండనిపించింది."

కమిటీకి ఇప్పుడే రాస్తానని, కొత్త అట్ట వచ్చేదాకా గడువు అడుగుతానని శ్రీనివాసరావు అన్నాడు. ధరణి అది విన్నట్టు లేదు. నకలు పలకను చేతిలోకి తీసుకుని వేలితో రింగులను తడిమింది.

"ఎన్ని రోజులు పట్టింది నీకు?"

"రెండు రోజులు. మూడు పాడైనయ్."

"ఆ రోజే చెప్పుంటే ఏమయ్యేదే?"

"నువ్వు కోప్పడేదానివి."

"ఒక్క రోజు," అంది ధరణి. "మహా అయితే రెండు రోజులు."

పలకను బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయింది. జశ్వంత్, భీమయ్య కూడా లేచారు.

జరిగింది కమిటీకి తన చేత్తో రాసివ్వాలని సుప్రియ కాగితం అడిగింది. మొదటి కాగితం చింపేసింది. రెండోదీ చింపేసింది. కరుణ ఆఫీసు తాళాలు చేతిలోకి తీసుకుని పరుశురాం వైపు చూసింది. అతని మొహం బాగా వడలిపోయి ఉంది.

"మీరు కాసేపు కూర్చుంటారా సార్?" అంది సుప్రియ తలెత్తకుండా.

పరుశురాం కుర్చీ ఆమె పక్కకు లాక్కుని కూర్చున్నాడు. "రాయమ్మా," అన్నాడు. "గురువారం నుంచి మొదలుపెట్టు."