తలుపులో పొదిగిన నాణెం

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో కొండ అంచున ఉన్న ఆ చెక్క ఇంటికి చెడ్డ పేరు. వెనక గదిలోంచి ఎవరో తలుపు తడతారట. ముగ్గురు అద్దెకు దిగితే ముగ్గురూ నెల తిరక్కుండా ఖాళీ చేశారు. మూడోవాళ్లు ఫ్రిజ్ కూడా వదిలేసి పోయారు.

అలివేలు నవ్వేసింది. ఆమె హాస్పిటల్లో నర్సు. శవాలు తుడిచిన దాన్ని, చప్పుళ్లకి భయపడతానా అంది. భర్త శేషాచలం దూరాన గనుల్లో పని. ఇంట్లో ఆమె, ఆరేళ్ల కూతురు చైత్ర. వెనక గది చైత్రకిచ్చింది.

ఆ గది తలుపుకి, లోపలివైపు, చెక్కలో పొదిగిన, కొంత అరిగిన పాత వెండి నాణెం కనిపించింది. దాని మీద — ఉరిమి చూసే కళ్లు, జుట్టు నిండా పాములు, బయటికి చాపిన నాలుక...

"అమ్మవారిని తలుపుకి కొట్టేశారేంటి, పాపం తగలదూ," అనుకుంటూ చాకుతో పెకలించింది. పూజ అలమరలో పెట్టి, ప్రతి శుక్రవారం చింతపండుతో తోమి బొట్టు పెట్టేది. దిగిన రాత్రి తనకీ వినిపించిన తలుపు తట్టడం ఆ రోజు నుంచి ఆగిపోయింది. అంతా తల్లి చలవ అనుకుంది.

ఏడో శుక్రవారం. చలికాలం, ఆరింటికే చీకటి. చైత్ర గదిలో పడుకుంది. ఎదురింటి గ్రీకు ముసలావిడ కేకు పట్టుకొచ్చింది. అలివేలు ఉంటున్న ఇంట్లో ఒకప్పుడు ఉండి పోయినాయన, తలుపుకి ఆ నాణెం పొదిగినాయన, ఆవిడ అన్నే. అలమరలో నాణేన్ని చూసి ఆవిడ గొంతు తగ్గిపోయింది.

అది అమ్మవారు కాదు, గోర్గన్ అని చెప్పింది. ఆ తలని చూస్తే ఎవరైనా రాయైపోతారని గ్రీకుల నమ్మకం. అందుకే నాణేల మీద, డాళ్ల మీద, గుమ్మాల మీద ఆ ముఖం చెక్కేవారు. కొత్తగా కట్టే ఇంటికి మనం దిష్టిబొమ్మ కడతామే, అలాంటిదన్నమాట. ఆ ముఖం ఎటు చూస్తుంటే, భయం అటు ఉన్నట్టు.

నాణెం ఉండిన చోటు అలివేలుకి గుర్తొచ్చింది. తలుపుకి లోపలివైపు...

నాణెం పట్టుకుని పరుగెత్తింది. తెరిచి ఉంచిన తలుపు మూసుకుని ఉంది. నాణేన్ని దానికి ఆనించబోతూ చూసింది — కళ్లు లేవు. నాలుక లేదు. చింతపండు రుద్దుళ్లకి ముఖమంతా అరిగి, ఉత్త వెండి బిళ్ల.

"చైత్రా..."

"అమ్మా, తలుపు తియ్యి. చలేస్తోంది."

హ్యాండిల్ మీద చెయ్యి ఆగిపోయింది. చైత్ర ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది గానీ, ఎప్పుడు పిలిచినా ఇంగ్లీషులోనే పలుకుతుంది.

అంతలో ఆ గొంతు వెనక, చాలా లోతు నుంచి, సన్నగా —

"మమ్... డోంట్ ఓపెన్ ఇట్."

తల్లి కదా. తీసింది.