సాల్మన్ గదిలో శుభలేఖలు

పర్చూరు దారిలో ఒక ఊరి చివర సాల్మన్ ఇల్లుంది. ముందు కొత్త డాబా, వెనక పాత పెంకుటిల్లు. చీకటి పడ్డాక ఆ పెంకుటింటి వైపు తల తిప్పే మొనగాడు ఊళ్లో లేడు. సాల్మన్ బతికున్నప్పుడు అందులో కంప్యూటరు, ప్రింటరు పెట్టుకుని ఊరందరికీ శుభలేఖలు కొట్టేవాడు. పోయి రెండేళ్లయింది. అయినా రాత్రిళ్లు లోపల గర్... గర్... మని చప్పుడు. ఇంకా కొడుతూనే ఉన్నాడట. ఆ శుభలేఖ మీద ఎవరి బొమ్మ పడితే వాళ్లు...

అక్కడ ఆపి, తీరిగ్గా బీడీ ముట్టించేవాడు బుల్లయ్య. ఆ కథ అల్లింది అతనే మరి!

సొంత మీటరు తిరిగితే ప్రాణం విలవిల్లాడే మనిషి. మిరపతోటకి మందు కొట్టే పంపేమో బ్యాటరీది, రోజూ చార్జింగ్ పెట్టాలి. పెంకుటింటి పెరటి తలుపు గడియ వదులు. రాత్రి కాగానే లోపలికి దూరి, మెయిన్ వేసి, వంటగదిలో పంపు తగిలించి, నిండేదాకా కూర్చుంటాడు. పోయేటప్పుడు మెయిన్ మళ్లీ ఆపేస్తాడు, అంత నిజాయితీపరుడు! ఎవరూ అటు రాకుండా దెయ్యాన్ని కాపలా పెట్టుకున్నాడు. తిండీ జీతమూ అడగని కాపలా.

ఆ రాత్రి ఎనిమిదింటికి పంపు వీపున వేసుకుని గోడ వారగా వస్తుంటే, డాబాలో ఏడుపు వినపడింది.

సాల్మన్ మనవరాలు స్తుతి. తెల్లారితే గుంటూరులో టీచరు ఉద్యోగానికి పరీక్ష. రెండేళ్లుగా దానికోసమే చదువుతోంది. హాల్‌టికెట్టేమో ఆ సాయంత్రమే వచ్చింది. కాగితం చేతిలో లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. బస్సు నాలుగున్నరకి, ఆ వేళకి ఏ జిరాక్సు షాపూ తెరవదు.

“షేరింగ్ ఆన్‌లోనే ఉంది నానమ్మా. మధ్యాహ్నం మనమిద్దరం వెళ్లి, రెండేళ్లుగా ఊడదీసున్న ప్లగ్గులన్నీ పెట్టి, ప్రింటరుని ఈ లాప్‌టాప్‌కి కలిపొచ్చాంగా, అప్పుడు బాగానే కనపడింది. ఇప్పుడు తాతయ్య కంప్యూటరే లేదంటోంది.”

“మళ్లీ నొక్కమ్మా,” అంది ప్రేమమ్మ మంచం మీంచి.

నొక్కింది. వైఫై ఆపి, వేసి, నొక్కింది. లాప్‌టాప్ ఆపి, వేసి, నొక్కింది. మధ్యమధ్య ముక్కు తుడుచుకుని నొక్కింది.

“పోనీ ఓసారి వెళ్లి చూసి రారాదూ?”

“ఈ వేళప్పుడా? బుల్లయ్య బాబాయ్ చెప్పింది విన్లేదా!”

బుల్లయ్యకి మనసు చివుక్కుమంది. వెళ్లి, దెయ్యం లేదు గియ్యం లేదు పదమ్మా అందామా... మరి పంపు? తోట నిండా నల్ల తామర పురుగు. తెల్లారేసరికి మందు పడకపోతే కాపు చేతికి రాదు. కాళ్లు పెరటి వైపే నడిచాయి.

తలుపు తోశాడు. మెయిన్ వేశాడు. పంపు తగిలించాడు. ఎర్రలైటు వెలిగింది. గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

టిక్...

ముందు గదిలోంచి.

ఎలక అనుకున్నాడు. కానీ తలుపు సందులోంచి నీలంగా వెలుతురు పాకుతోంది. ఎలకలకి లైటెందుకు?

గర్... గర్...

ఇన్నాళ్లూ తను నోటితో చేసి చూపించిన చప్పుడే. అచ్చం అదే!

“సాల్మనన్నా...” అన్నాడు. మోకాళ్ల మీద పాకి తలుపు సందులోంచి చూశాడు. కుర్చీలో ఎవరూ లేరు. ప్రింటరు నోట్లోంచి ఒక కాగితం జారి అతని ముందు పడింది.

టార్చి వేశాడు. నల్లగా ఒక ఆడపిల్ల మొహం. నవ్వు లేదు. నేరుగా అతన్నే చూస్తోంది.

ఇంకో కాగితం. అదే మొహం.

మూడోది... నాలుగోది... అదే మొహం — అవే చూపులు!

బొమ్మ కింద తారీఖు ఉంది. రేపటిది. దాని కింద — ఉదయం ఎనిమిదిన్నరకు తప్పక హాజరు కావలెను.

శుభలేఖ కాదు. పైనుంచి పిలుపు!

పంపు గింపు వదిలేసి, చేతిలో కాగితంతో పెరట్లోకి ఒక్క దూకు దూకాడు. ఎదురుగా... చీకట్లో... అదే మొహం!

“అమ్మా తల్లీ!” కాళ్ల మీద పడిపోయాడు. “రేపు నేను రాలేనమ్మా! తోటకి మందు కొట్టాలి! ఎల్లుండి చూసుకుందాం తల్లీ!”

“బాబాయ్! నేను... స్తుతిని!” చేతిలో ఫోను వెలుతురు మొహం మీద పడుతోంది. లాప్‌టాప్‌లో ఒక్కసారిగా ‘ప్రింట్ అవుతోంది’ అని రాగానే, భయాన్నంతా మింగి పరిగెత్తుకొచ్చింది. అతని చేతిలోది లాక్కుని చూసింది. “నా హాల్‌టికెట్!” అని ఏడుస్తూ నవ్వేసింది. “పదకొండుసార్లు నొక్కాను బాబాయ్. అన్నీ వరసలో నిలబడి ఇప్పుడొస్తున్నట్టున్నాయి. కరెంటొస్తే దానంతటదే ఆన్ అయ్యేలా పెట్టుకున్నాడు తాతయ్య.”

గోడ పట్టుకుని ప్రేమమ్మ కూడా వచ్చింది. “కరెంటెక్కడిదే? మధ్యాహ్నం వచ్చేటప్పుడు మెయిన్ నేనే ఆపేశాను.”

ముగ్గురూ పెంకుటింటి వైపు చూశారు. లోపల గర్... గర్...

“అయితే... ఎవరు వేశారు?” గుసగుసగా అడిగింది స్తుతి.

బుల్లయ్య ఊపిరి పీల్చుకున్నాడు. “ఇంకెవరమ్మా... సాల్మనన్నే.”

స్తుతి కళ్లలో నీళ్లు తిరిగాయి. “నాకోసం వచ్చాడా?” కాసేపు ఆ కాగితాన్ని గుండెకి హత్తుకుంది. “తాతయ్యయితే భయమేంటి?” అని గబగబా లోపలికి వెళ్లిపోయింది.

“వద్దమ్మా, వద్దు—” బుల్లయ్య మాట పూర్తి కాలేదు.

లోపల ప్రింటరు ఆగింది. అడుగుల చప్పుడు వంటగది వైపు మళ్లింది.

తర్వాత వంటగదిలోంచి స్తుతి గొంతు, నెమ్మదిగా...

“నానమ్మా... తాతయ్యకి మిరపతోట కూడా ఉందా?”