హాజరులో ఆఖరి పేరు

దెయ్యాల్ని తరమడంలో ఫాదర్ బాలశౌరిని మించిన మొనగాడు జార్జియా రాష్ట్రం మొత్తం వెతికినా దొరకడు. ఆయన కారు అటుగా వస్తోందంటే చాలు, శ్మశానాల్లో అందరూ బుద్ధిగా సర్దుకుని పడుకుంటారు. కాకపోతే అప్పటిదాకా ఆయన తరిమింది ఒక్కదాన్నే. అది చర్చి అటక మీద చేరిన రకూన్, పిల్లికి అన్నలాంటి జంతువు. దాన్ని కూడా నిజానికి తరిమింది పక్కింటి ముసలమ్మ. ఫాదర్ కింద నిచ్చెన పట్టుకున్నాడు.

ఈ మొనగాడి చర్చి కమ్మింగ్ ఊరు దాటి ఉత్తరంగా గంట డ్రైవ్. పెద్ద ఇళ్ళు, ఇండియన్ గ్రోసరీలు, వీకెండ్ సంగీతం క్లాసులు అన్నీ కమ్మింగ్‌తో ఆగిపోతాయి. ఆ తర్వాత కొండలు, పైన్ చెట్లు, పొడవాటి రేకుల షెడ్లు. షెడ్ల నిండా కోళ్ళు. ఆ కోళ్ళని చేతుల్తో పట్టి లారీలకెక్కించే కుటుంబాలే ఫాదర్ చర్చికి వచ్చేది. చాలామంది గ్వాటెమాలా వాళ్ళు. రేకు పెట్టెల్లాంటి ట్రైలర్ ఇళ్ళల్లో కాపురం.

గుంటూరు నుంచి వచ్చిన ఫాదర్‌కి పనేమీ లేకపోయినా వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కూర్చోవడం అలవాటు. కూర్చుంటే అన్నీ కనిపిస్తాయి. ఎన్నిసార్లు ఉతికినా బట్టల్ని వదలని అమోనియా వాసన. వేళ్ళు మొద్దుబారిపోయి, కాఫీ కప్పుని రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగే మగవాళ్ళు. నాన్న పనిచేసొచ్చి పడుకున్నాడని పట్టపగలు గుసగుసగా ఆడుకునే పిల్లలు. "ఈ పిల్లలకి అరవడం కూడా నేర్పాల్సి వచ్చేలా ఉంది" అని ఓ ఆదివారం ప్రసంగంలో అన్నాడు. ఆయన జోకేస్తే పగలబడి నవ్వే జనం ఆ రోజు నవ్వలేదు.

మామూలుగా ఆయన మహా కొంటెమనిషి. ఎవరి గొంతైనా ఒకసారి వింటే దింపేస్తాడు. బిషప్ గారి గొంతుతో తోటి ఫాదర్లకి ఫోన్ చేసి, "రేపు మీ లెక్కలు చూడ్డానికి వస్తున్నా" అని హడలగొట్టి, మళ్ళీ తనే ఫోన్ చేసి ఓదార్చేవాడు.

ఆ చర్చికి ఒక తెలుగు జంట వచ్చేది. రాకేష్, దేదీప్య. క్రైస్తవులు కారు. రాకేష్‌ది కరీంనగర్. మాస్టర్స్ చేశాడు, జాబ్ రాలేదు, వీసా స్టేటస్ పోయింది, కోళ్ళు పడుతున్నాడు. గుడికి వెళ్ళాలంటే కమ్మింగ్ వెళ్ళాలి. అక్కడ ప్రసాదం చేతిలో పడేలోపే ఎవరో ఒక అంకుల్ "ఏ కంపెనీ బాబూ?" అంటాడు. ఇక్కడ అడిగేవాళ్ళు లేరు. అందుకని వచ్చి ఆఖరి బెంచీలో కూర్చుని, పూజ అవగానే వెళ్ళిపోయేవాళ్ళు. దేదీప్యకి ఏడో నెల.

జనవరిలో ఒక ఆదివారం వాళ్ళిద్దరూ వెళ్ళకుండా నిలబడ్డారు.

"ఫాదర్ గారూ, మీరు దెయ్యాల్ని వదిలిస్తారా?" అంది దేదీప్య.

"దెయ్యాలూ, రకూన్లూ, రెండూనమ్మా. ఎవర్ని పట్టింది?"

ఆమె నవ్వలేదు. రాకేష్ నేల వైపే చూస్తున్నాడు.

సంగతి ఇది. సాత్విక్ అని రాకేష్‌కి కాలేజీ ఫ్రెండు. వీళ్ళ ట్రైలర్లోనే వెనక గదిలో ఉండేవాడు. రాకేష్‌ని ఈ పనిలో పెట్టిందీ అతనే. కోళ్ళు పట్టేటప్పుడు అవి బెదరకుండా షెడ్డంతా చీకటి చేస్తారు. మనిషికో చిన్న నీలం లైటు నుదుటి మీద, అంతే. పోయిన ఎండాకాలం ఆ చీకట్లో, ఆ ఉక్కలో సాత్విక్ పడిపోయాడు. ఎవరూ చూడలేదు. పని అయిపోయింది. తలుపేసి గడియ పెట్టారు. వ్యాన్ ఎక్కారు. ఎవరి వ్యాన్లో ఉన్నాడో అని వీళ్ళు వాళ్ళనుకున్నారు, వాళ్ళు వీళ్ళనుకున్నారు. మర్నాడు తలుపు తీస్తే కనిపించాడు. తలుపు దగ్గరే. లోపలివైపు.

అప్పటినుంచి ముఠా మేస్త్రీ మాటేయో ఒక పద్ధతి పెట్టాడు. అందరూ బయటికొచ్చాక, గడియ వేసేముందు ఒక్కొక్కరి పేరూ పిలుస్తాడు. ఎవరికొచ్చిన భాషలో వాళ్ళు 'ఉన్నా' అనాలి. మొదటిరోజు పాత జాబితా చూసి చదువుతూ ఆఖర్న సాత్విక్ పేరు కూడా పిలిచేశాడు.

"వాడు లోపల్నుంచి 'ఉన్నా' అన్నడు, ఫాదర్," అన్నాడు రాకేష్. "తెలుగుల. అక్కడ నాకు తప్ప తెలుగు ఎవ్వలికీ రాదు."

ఫాదర్ పక్క బెంచీ మీద కూర్చున్నాడు.

"రోజూ పిలుస్తున్నం. పలికిండంటే లోపల్నే ఉన్నట్టు. తలుపేస్కుని పోతం. పలకలేదనుకో..."

"పలక్కపోతే?"

"మాతోని బయటికొచ్చినట్టు."

ఒకరోజు పలకలేదట. చలిలో అందరూ అలాగే నిలబడ్డారట. వాడు పలికేదాకా ఒక్కరు కూడా వ్యాన్ ఎక్కలేదట.

"ఇంటికొచ్చాక కూడా తను గుమ్మం బయటే ఆగిపోతాడండీ," అంది దేదీప్య. "వెనక ఎవరూ లేరని నమ్మకం కుదిరాకే లోపలికొస్తాడు. ఇంకో రెండు నెలల్లో బిడ్డ వస్తుంది. నాకేం పెద్ద కోరికల్లేవు ఫాదర్ గారూ. పని నుంచి మా ఇంట్లోకి తను ఒక్కడే రావాలి. అంతే."

ఫాదర్‌కి ఇదంతా భయపడ్డ చెవుల పనేనని అనిపించింది. కాదని వాదిస్తే నమ్మరు. వీళ్ళకి కావలసింది సాత్విక్ సెలవు తీసుకోవడం. దానికి సాత్వికే కావాలా ఏం? కొంటె బుర్ర గిర్రున తిరిగింది.

"వాడి వాయిస్ మెసేజ్ ఏదైనా ఉందా? ప్రార్థనకి మనిషి తెలియాలి కదా," అన్నాడు అమాయకంగా.

రాకేష్ వినిపించాడు. కాస్త ముక్కుతో, నిద్రలోంచి లేచినట్టుండే గొంతు. "అరేయ్, వచ్చేటప్పుడు పెరుగు పట్రా." ఫాదర్ రెండుసార్లు విన్నాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఆయన షెడ్డుకి వెళ్ళాడు. తను లోపలే ఉండి ప్రార్థిస్తానని, అందరూ పోయాక అవతలి చివరనున్న చిన్న తలుపులోంచి వెళ్ళిపోతానని మాటేయోతో చెప్పాడు. మాటేయో చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు. "మిమ్మల్ని పిలవను ఫాదర్. మీరూ ఏమీ పలక్కండి," అన్నాడు.

బయట ఎండ కళ్ళు చెదిరేలా ఉంది. లోపల అడుగు పెడితే ఎవరో మూత పెట్టినట్టు చీకటి. ఘాటు వాసన గొంతులోకి దిగి అక్కడే కూర్చుంది. కాళ్ళ కింద పొట్టు మెత్తగా, వెచ్చగా ఉంది. వేలాది కోళ్ళు ఊపిరి పీలుస్తుంటే ఎక్కడో దూరంగా వాన పడుతున్నట్టుంది. నీలం చుక్కలు వంగుతున్నాయి, లేస్తున్నాయి, వంగుతున్నాయి. మాటల్లేవు. రెక్కల టపటప, మనుషుల మూలుగు. ఇంతమంది ఇంత నడుమునొప్పితో పట్టిన కోడినే కదా నిన్న బిర్యానీలో తిన్నాను అనుకుని ఫాదర్ మొదటిసారి సిగ్గుపడ్డాడు.

వాన చప్పుడు తగ్గుతూ వచ్చింది. ఆఖరి లారీ వెళ్ళింది. ఫ్యాన్లు ఆపేశారు. నీలం చుక్కలు ఒకటొకటిగా తలుపులోంచి బయటికెళ్ళిపోయాయి.

ఫాదర్ సీసాలోని పవిత్ర జలం నాలుగు వైపులా చల్లాడు. సాత్విక్ ఆత్మ కోసం మనసారా ప్రార్థించాడు. అందులో మాత్రం కొంటెతనం లేదు.

బయట హాజరు మొదలైంది. పేరు... జవాబు. పేరు... జవాబు.

"రాకేష్!"

"ఉన్నా."

తర్వాత మాటేయో గొంతు మెల్లగా...

"సాత్విక్!"

ఫాదర్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. ముక్కుతో, నిద్రమత్తుగా, అచ్చు దింపేశాడు.

"ఉన్నా... నేనింటికెళ్ళిపోతున్నానురా. ఇంక పిలవకండి."

బయట ఎవరో వెక్కారు. రాకేష్ ఏడుస్తూ, "పోరా... మంచిగ పో," అన్నాడు. తలుపు జరిగింది. ఇనప గడియ ఖంగుమని పడింది. వ్యాన్లు కదిలాయి.

ఫాదర్ చీకట్లో తనలో తనే నవ్వుకున్నాడు. గోడ పట్టుకుని అవతలి తలుపు వైపు నడిచాడు. పొట్టులో అడుగుల చప్పుడు కూడా లేదు. ఇంతమంది రోజూ విన్న ఆ గొంతుకి ఇవాళ పలికే సందే ఇవ్వలేదే నేను, అనిపించింది. సరదాకి తనే పిలిచాడు.

"సాత్విక్?"

ఏమీ లేదు.

"సాత్విక్... ఉన్నావా?"

ఏమీ లేదు.

చూశావా, ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుని ఇంకో అడుగు వేశాడు. అక్కడ కాలు ఆగిపోయింది.

ఎవరూ లేరు.

లోపల... ఎవరూ లేరు.

'మాతోని బయటికొచ్చినట్టు.'

ఆ తర్వాత తలుపు ఎలా దొరికిందో, కారు ఎలా స్టార్ట్ చేశాడో ఆయనకి గుర్తులేదు. కొండల్లో సిగ్నల్ లేదు. రాకేష్‌కి ఫోన్ కలవలేదు. ట్రైలర్ దగ్గరికి చేరేసరికి అసుర సంధ్య వేళ. దేదీప్య నవ్వుతూ తలుపు తీసింది. ఆమె నవ్వడం ఆయన అదే మొదలు చూడటం.

"మెల్లగా ఫాదర్ గారూ, ఇప్పుడే పడుకున్నాడు. ఇవాళ గుమ్మం దగ్గర ఆగనే లేదు! సరాసరి లోపలికొచ్చేశాడు. అంతా మీ దయ."

"నువ్వు... చూశావా అమ్మా?"

"వంటింట్లో ఉన్నా. చప్పుడు విని 'వచ్చావా?' అన్నా. 'ఉన్నా' అన్నాడు. అలసిపోయినట్టున్నాడు, సాత్విక్ గదిలోకెళ్ళి పడుకున్నాడు. లైటు కూడా వెయ్యలేదు."

ఆమె చేతిలో ఫోన్ మోగింది. స్పీకర్లో పెట్టింది.

"దీపూ, జర లేటైతది," రాకేష్ గొంతు. వెనక ట్రాఫిక్, నవ్వులు. "మాటేయో అందరికీ టాకోలు తినిపిస్తుండు. ఇంకా గ్యాస్ స్టేషన్ కాడనే ఉన్నం. ఫాదర్ భలే చేసిండు తెల్సా..."

దేదీప్య ఫోన్ కట్ చేయలేదు. అది చేతిలోంచి జారి కార్పెట్ మీద పడి దానంతటదే ఆగిపోయింది.

ఇద్దరూ వెనక గది వైపు చూశారు. తలుపు మూసి ఉంది. కింద సందులోంచి అమోనియా వాసన వస్తోంది.

లోపల మంచం కిర్రుమంది.

"దేదీప్యా..."

ముక్కుతో, నిద్రమత్తుగా. మాటేయో పిలిచే తీరులో, హాజరు వేసినట్టు.

పిలిస్తే ఎవరి నోరైనా తెరుచుకుంటుంది. ఆమె నోరూ తెరుచుకుంది. ఫాదర్ చటుక్కున ఆ నోటి మీద అరచెయ్యి వేసి గట్టిగా మూశాడు. వద్దు అని తల ఊపాడు. ఆమె ఊపిరి వేడిగా ఆయన చేతికి తగులుతోంది.

లోపల గొంతు ఆగింది. ఎదురుచూస్తోంది.

చాలాసేపు...

"అవనీ..."

దేదీప్య కళ్ళు పెద్దవయ్యాయి. ఫాదర్ మోచేతి కింద నుంచి రెండు చేతులూ కడుపు మీదకి వెళ్ళాయి. ఆ పేరు అంతకుముందు రాత్రే భార్యాభర్తలు దుప్పట్లో అనుకున్నది. ఇంకెవరికీ చెప్పలేదు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఉన్నా."

గది లోపల ఇనప గడియ ఖంగుమని పడింది. ఆ ప్లైవుడ్ తలుపుకి అసలు గడియే లేదు.

ఆ తర్వాత ఏ చప్పుడూ రాలేదు. వాసన మెల్లగా పోయింది. రాకేష్ వచ్చాక ముగ్గురూ కలిసి తలుపు తోశారు. మంచం మీద దుప్పటి మడత నలగలేదు.

బిడ్డ పేరు పిలిస్తే ఫాదర్ తనే పలికి, ఆ గండం తన నెత్తిన వేసుకున్నాడని దేదీప్య అందరికీ చెప్పింది. మాటేయో వచ్చి ఆయన చేతులు ముద్దుపెట్టుకున్నాడు. ముఠాలో ఎవరూ ఇక సాత్విక్ పేరు పిలవలేదు. ఉగాది దాటాక పాప పుట్టింది, ఆరోగ్యంగా. అవని అనే పెట్టారు. రాకేష్ ఆ పని మానేసి ప్లేనోలో ఉన్న అన్న దగ్గరికి మారిపోయాడు. మొదట్లో మనం చెప్పుకున్న మొనగాడి పేరు ఫాదర్‌కి వచ్చింది అప్పుడే. ఆయన కాదనలేదు. దండం పెడితే దీవించాడు, టమాలేలు పంపితే తిన్నాడు.

పాప మొదటి పుట్టినరోజుకి రమ్మని రాకేష్ ఫోన్ చేశాడు. ఫాదర్ ఏవేవో సాకులు చెప్పాడు.

"మీరు రాకుంటే ఎట్ల ఫాదర్? మీరు పలికిన్రు కాబట్టే కదా మా బిడ్డ దక్కింది."

ఫాదర్ గొంతు తగ్గించాడు.

"రాకేష్... ఒకటి చెప్తా. దేదీప్య పక్కన లేదు కదా?"

"లేదు. చెప్పున్రి."

"ఆ రోజు నా గొంతు లేవలేదురా. ప్యాంటు కూడా తడిసింది. అది చెప్పుకోలేక ఇన్నాళ్ళూ మీ దండాలన్నీ తీసుకున్నా. నేను పలకలేదు."

"మరి... ఎవరు పలికిన్రు?"

"దేదీప్య నోరు నా చేతి కింద మూసే ఉంది," అన్నాడు ఫాదర్ బాలశౌరి. "ఆ మాట... నా మోచేతి కింద నుంచి వచ్చింది."